బాకీ నిజమే, సంతకం దొంగది

అమెరికాలో 2008 నాటి ఇళ్ల అప్పుల సంక్షోభం మాట ఎత్తితే చాలు, తీర్పు సిద్ధంగా ఉంటుంది. అప్పు చేసి పప్పుకూడు తిన్నారు, అనుభవించారు. 2009 ఫిబ్రవరి 19న షికాగో ఎక్స్‌ఛేంజీలో ట్రేడర్ల మధ్య నిలబడి రిక్ శాంటెల్లీ అనే టీవీ వ్యాఖ్యాత ఇదే సంగతి కేకలు పెట్టి చెప్పాడు. పక్కింటివాడు తీర్చలేని అప్పును మనమెందుకు మోయాలని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు హర్షధ్వానాలు చేశారు. అక్కడ స్థిరపడిన మనవాళ్లలోనూ ఈ మాట గట్టిగా నాటుకుపోయింది. ఇద్దరి జీతాలతో, నెల తప్పకుండా మార్ట్‌గేజ్ కట్టుకుంటూ వచ్చిన కుటుంబానికి, కట్టలేకపోయినవాడి మీద జాలి కలగకపోవడంలో వింత లేదు.

ఈ వాదనను దాని బలం తగ్గించకుండానే ముందుంచుతాను. కాగితాల మీద సంతకం పెట్టినవాడు పసిపిల్లవాడేమీ కాదు, షరతులు తెలిసే పెట్టాడు. తర్వాత వాయిదాలు ఆపేశాడు. ఒప్పందం ప్రకారం ఇల్లు పోయింది. లక్షల కేసులు ఒక్కసారిగా మీద పడటంతో బ్యాంకుల కాగితాల్లో కొన్ని లోపాలు దొర్లాయి. అందుకూ అవి వేల కోట్ల డాలర్లు చెల్లించుకున్నాయి. ఆ పైన పెద్దల్ని జైలుకు పంపాలనడం కక్ష సాధింపు. అంతగా బిగిస్తే రేపు ఇంటికి అప్పిచ్చేవాడే ఉండడు. ఈ వాదన చేసేవాళ్ల చేతిలో ఒక అధికారిక ఆధారం కూడా ఉంది. 2011 ఏప్రిల్‌లో అక్కడి కేంద్ర నియంత్రణ సంస్థలు దాదాపు 2,800 ఫోర్‌క్లోజర్ (బాకీ తీరని ఇంటి స్వాధీనం) ఫైళ్లు తిరగేసి, వాటిలోని రుణగ్రహీతలు నిజంగానే బాగా బకాయి పడ్డారని తేల్చాయి.

వినడానికి పొందికగానే ఉంది. ఒక్కో ముక్కే విడదీసి చూస్తే ఏదీ నిలవదు.

1. స్తోమత కొలవాల్సింది ఎవరు?

ఆదాయం గురించి అబద్ధం రాసినవాళ్లు ఉన్నారు. లాస్ వేగస్‌లో, ఫీనిక్స్‌లో, ఫ్లోరిడాలో మూడు నాలుగు ఇళ్లు కొనిపడేసి ధర పెరగ్గానే అమ్ముకుందామనుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల తరఫున నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. అయితే అప్పులిచ్చే వ్యాపారంలో ఉండాల్సిన అసలు నేర్పు ఒకటే, ఎదుటివాడు తీర్చగలడా లేదా అని చూడటం. రుజువు అడగకుండా ఇచ్చే రుణాలను ఆ పరిశ్రమవాళ్లే తమలో తాము 'అబద్ధాల అప్పులు' అని పిలుచుకునేవారు. పేరు తెలిసి, పెట్టి, అమ్మారు. ఎందుకంటే ఆ అప్పు వాళ్ల పుస్తకాల్లో నిలిచేది కాదు. మూటలు కట్టి మదుపరులకూ పింఛను నిధులకూ అంటగట్టేవారు. తీరకపోతే మునిగేది మరొకరు.

బ్రోకర్ల సంగతి ఇంకా విడ్డూరం. తక్కువ వడ్డీకి అర్హత ఉన్న మనిషిని ఎక్కువ వడ్డీ అప్పులోకి దించితే బ్రోకరుకు అదనపు కమిషన్ దక్కేది. ఫెడరల్ రిజర్వ్ ఈ పద్ధతిని ఆపించింది 2011లో, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాక. పరపతి తక్కువవాళ్లకని ఎక్కువ వడ్డీకి ఇచ్చే సబ్‌ప్రైమ్ అప్పుల్లో, 2006లో 61 శాతం, మామూలు రుణానికి సరిపోయేంత క్రెడిట్ స్కోరు ఉన్నవాళ్లకే వెళ్లాయని 2007 డిసెంబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్క తీసింది. ఒకప్పుడు అమెరికాలో అతి పెద్ద గృహరుణ సంస్థగా ఉన్న కంట్రీవైడ్, అదే స్థాయి అర్హతలున్న తెల్లవాళ్లకన్నా రెండు లక్షలకు పైగా నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాల దగ్గర ఎక్కువ గుంజిందని న్యాయశాఖ అభియోగం మోపింది. 2011 డిసెంబరులో 33.5 కోట్ల డాలర్లతో ఆ కేసు రాజీ అయింది. రంగు చూసి ధర నిర్ణయించిన చోట 'స్తోమతకు మించి వెళ్లారు' అన్న మాట ఎవరికి తగులుతుంది?

ఇదంతా ఎవరికీ తెలియకుండా జరిగిందని కూడా అనలేం. ఇళ్ల అప్పుల మోసం అంటువ్యాధిలా పాకుతోందని ఎఫ్‌బీఐ 2004లోనే బహిరంగంగా హెచ్చరించింది. అమెరిక్వెస్ట్ అనే సబ్‌ప్రైమ్ కంపెనీ 2006 జనవరిలో 49 రాష్ట్రాలతో 32.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. దాని యజమాని రోలండ్ ఆర్నాల్ అదే ఏడాది నెదర్లాండ్స్‌కు అమెరికా రాయబారిగా వెళ్లాడు. ఇక కట్టలేని ఇంటిని వదిలేసి పోయేవాళ్లకు నీతి బోధించిన గృహరుణ బ్యాంకర్ల సంఘం కథ చూడండి. నువ్వు వాయిదా ఎగ్గొడితే నీ పిల్లలకు ఏం సందేశం ఇస్తున్నట్టు అని 2009లో ఆ సంఘం అధ్యక్షుడు పత్రికాముఖంగా అడిగాడు. 2010 ఫిబ్రవరిలో అదే సంఘం వాషింగ్టన్‌లో తాను 7.9 కోట్ల డాలర్లకు కొన్న సొంత భవనాన్ని, చేసిన అప్పుకన్నా తక్కువకు, 4.13 కోట్లకు వదిలించుకుని బయటపడింది. వాళ్ల పిల్లలకు ఏం చెప్పుకున్నారో మనకు తెలియదు.

2. 'కాగితాల లోపం' అనే ముద్దుపేరు

అసలు నేరం దాక్కుని ఉన్నది ఈ రెండు మాటల వెనకే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అమెరికాలో 23 రాష్ట్రాల్లో కోర్టు ఆజ్ఞ లేకుండా ఇల్లు స్వాధీనం చేసుకోవడం కుదరదు. కోర్టుకు కావలసింది ప్రమాణపత్రం. ఈ ఫైలు నేను స్వయంగా చూశాను, బాకీ ఇంత, యజమాని మా సంస్థే అని ఒక మనిషి ప్రమాణం చేసి, నోటరీ ఎదుట సంతకం పెట్టాలి. ఇంటివాడు ఎదురు వాదించకపోతే, చాలామంది వకీలును పెట్టుకోలేక వాదించరు, జడ్జి ముందు ఉండే సాక్ష్యం ఆ ఒక్క కాగితమే. జీఎంఏసీ అనే గృహరుణ సంస్థ ఉద్యోగి ఒకరు తాను నెలకు దాదాపు పది వేల పత్రాల మీద సంతకాలు పెట్టేవాడినని, లోపలేముందో చూసేవాడిని కానని ప్రమాణపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చాడు. పనిగంటల్లో లెక్కేస్తే నిమిషానికో ఇల్లు. ఈ వాంగ్మూలం బయటికొచ్చాక 2010 సెప్టెంబరులో జీఎంఏసీ ఆ 23 రాష్ట్రాల్లో ఖాళీ చేయించడాలను ఆపింది. అక్టోబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా యాభై రాష్ట్రాల్లోనూ ఆపింది. ఏదో ఒక శాఖలో ఒక గుమాస్తా చేసిన పొరపాటైతే దేశమంతా వేలాలు ఆపుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది?

జార్జియా రాష్ట్రంలో ఆల్ఫారెట్టా అనే ఊళ్లో డాక్‌ఎక్స్ అనే కంపెనీ ఉండేది. పెద్ద పెద్ద బ్యాంకులకు తాకట్టు బదిలీ పత్రాలు తయారుచేసి పెట్టడం దాని పని. ఆ పత్రాల మీద ఒకే పేరు మళ్లీ మళ్లీ కనబడేది, దస్తూరీ మాత్రం ఒక్కోసారి ఒక్కో తీరు. ఆ పేరు అసలు మనిషిది ఒకప్పుడు మోటారు విడిభాగాల దుకాణంలో పార్సిళ్లు చూసుకునే ఉద్యోగం. పేరు పొట్టిగా, రాయడానికి తేలిగ్గా ఉందని ఎంచుకున్నారట. కాగితాల మీద ఆమె పలు బ్యాంకులకు ఉపాధ్యక్షురాలు. చుట్టూ కూర్చున్నవాళ్లంతా ఆమె పేరుతో సంతకాలు దించేవారు. హక్కు ఎవరికి బదిలీ అయిందో రాయాల్సిన చోట పేరు నింపడం మరిచిపోయి, 'బోగస్ అసైనీ' (దొంగ హక్కుదారు) అన్న మాటలు అలాగే వదిలేసిన పత్రాలు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ రికార్డుల్లోకి ఎక్కాయి. తేదీ స్థానంలో తొమ్మిదో నెల, తొమ్మిదో తారీఖు, 9999వ సంవత్సరం అని ఉన్నవీ బయటపడ్డాయి. ఇలా దొంగ సంతకాలతో, దొంగ నోటరీతో వెళ్లిన పత్రాలు పది లక్షలకు పైగా అని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు తేల్చారు.

మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక్క దస్తావేజు మీద ఇంకొకరి సంతకం దించినవాడి మీద పోలీసులు ఏ సెక్షన్లు పెడతారో పల్లెటూరి పెద్దాయన కూడా గడగడా చెబుతాడు. నాలుగు వందల ఇరవై అన్న అంకె మన భాషలో తిట్టుగా స్థిరపడింది. ఒక్క పత్రానికి ఫోర్జరీ అయ్యేది పది లక్షల పత్రాలకు లోపంగా ఎలా మారుతుంది?

ఇంత అడ్డదారి ఎందుకు తొక్కారంటే, ఆ అప్పు ఎవరిదో వాళ్లకే తెలియని స్థితి తెచ్చుకున్నారు గనక. రుణం చేతులు మారినప్పుడల్లా కౌంటీ రికార్డులో నమోదు చేయించి ఫీజు కట్టాలి. ఆ ఖర్చు, జాప్యం తప్పించుకోవడానికి పరిశ్రమ పెద్దలు 1990ల నడుమ ఎంఈఆర్‌ఎస్ అనే సొంత కంప్యూటర్ రిజిస్ట్రీ పెట్టుకున్నారు. ప్రభుత్వ రికార్డులో ఎంఈఆర్‌ఎస్ పేరు కదలకుండా ఉంటుంది, వెనక అప్పు మాత్రం నాలుగైదు చేతులు మారుతుంది. ఇల్లు వేలం వేయాల్సి వచ్చినప్పుడు, మధ్యలో లేని బదిలీ పత్రాలను వెనకటి తేదీలతో పుట్టించాల్సి వచ్చింది. 2011 జనవరిలో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఇబానెజ్ కేసులో ఈ విషయాన్ని సూటిగా తేల్చింది. నోటీసు ఇచ్చి వేలం వేసే నాటికి తాకట్టు హక్కు తమ చేతిలో ఉందని బ్యాంకులు చూపలేకపోయాయి గనక ఆ వేలాలు చెల్లవంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇల్లు వేలం వేయడానికి కోర్టు గడప తొక్కనవసరం లేదు. అంత పెద్ద అధికారాన్ని చట్టం ప్రైవేటు కంపెనీ చేతికిచ్చింది, కాగితాలు నిజమైనవై ఉంటాయన్న ఒకే ఒక్క షరతు మీద.

3. అసలు బాకీ నిజమే కదా?

దీన్నే ఆఖరి అస్త్రంగా వాడతారు. సంతకం ఎవరిదైతేనేం, వాయిదాలు కట్టని మాట నిజం కదా, ఇల్లు ఎలాగూ పోయేదే కదా అంటారు.

మొదట ఆ 2,800 ఫైళ్ల సంగతి. తాము ప్రతి అప్పు చెల్లింపుల చరిత్రను పూర్తిగా పరిశీలించలేదని, వాయిదాల భారం తగ్గించమని పెట్టుకునే రుణ సవరణ దరఖాస్తుల మీద పూర్తి సమీక్ష చేయలేదని ఆ నివేదికే చెప్పుకుంది. వాళ్లు చూసినవి వసూలు కంపెనీ తన దగ్గర పెట్టుకున్న ఫైళ్లు. ముద్దాయి రాసుకున్న డైరీ చదివి ముద్దాయికి శీలపత్రం ఇచ్చినట్టుంది.

ఆ పైన, ఎంత బాకీ అన్నది కూడా తేలిన విషయం కాదు. ఆలస్య రుసుము, తనిఖీ రుసుము, వకీలు ఖర్చు, ఇంటివాడికి ఇన్సూరెన్స్ ఉన్నా లేదంటూ కంపెనీ తనంతట తాను కట్టి అతని ఖాతాలో రాసే మూడింతల ప్రీమియం, ఇవన్నీ కలిసి ఒక్క నెల జాప్యాన్ని తీర్చలేని బకాయిగా మార్చగలవు. ఇక్కడ తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. ఈ వసూలు కంపెనీని సర్వీసర్ అంటారు. సర్వీసర్ అప్పిచ్చినవాడు కాదు, వాయిదాలు వసూలు చేసిపెట్టే కూలీ కంపెనీ. ఇల్లు వేలంలో నష్టానికి పోతే ఆ నష్టం మదుపరిది. సర్వీసర్ వేసిన రుసుములు మాత్రం వేలం సొమ్ములోంచి ముందుగా రాబట్టుకుంటాడు. ఇంటివాణ్ణి నిలబెట్టడం కన్నా పడగొట్టడమే లాభమైన వ్యాపారం అది. దివాలా కోర్టులకు వెళ్లిన 1,700కు పైగా కేసులను న్యాయశాస్త్ర ఆచార్యురాలు కేథరిన్ పోర్టర్ 2007లో పరిశీలిస్తే, గృహరుణ కంపెనీలు దాఖలు చేసిన క్లెయిముల్లో సగానికి పైగా వాటిలో చట్టం అడిగే పత్రాల్లో ఏదో ఒకటి లేదు. సంక్షోభం ముదరకముందు, జడ్జీల కళ్ల ముందు పెట్టిన లెక్కల తీరు ఇది.

వాయిదాలు ఎందుకు ఆగాయో కూడా అడగాలి. 2009లో ఒబామా ప్రభుత్వం రుణ సవరణ పథకం తెచ్చి ముప్ఫై, నలభై లక్షల కుటుంబాలను ఆదుకుంటామంది. అమలు చేసే పని ఆ సర్వీసర్లకే అప్పగించింది. బకాయి పడితే తప్ప సాయానికి పరిగణించలేమని కంపెనీ మనిషి ఫోన్లో చెబితే విని, అప్పటిదాకా కడుతున్న వాయిదా ఆపినవాళ్లు ఎందరో. ఒక చేత్తో సవరణ దరఖాస్తు తీసుకుంటూ, ఇంకో చేత్తో వేలం తేదీ ఖాయం చేయడం ఎంత మామూలైపోయిందంటే దానికి జంట పట్టాల పద్ధతి అని పేరే స్థిరపడింది. పంపిన పత్రాలు అందలేదంటారు, మళ్లీ పంపితే గడువు దాటిందంటారు. 2013లో మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో బ్యాంక్ ఆఫ్ అమెరికా మాజీ ఉద్యోగులు కొందరు ప్రమాణపూర్వక వాంగ్మూలాలు దాఖలు చేశారు. దరఖాస్తుదారులకు అబద్ధాలు చెప్పమనేవారని, నెలలో పది ఖాతాలను ఫోర్‌క్లోజర్‌కు పంపితే 500 డాలర్ల బోనస్ ఇచ్చేవారని అందులో ఉంది. బ్యాంకు కాదంది.

అసలు బాకీయే లేనివాళ్లను ఏ లెక్కలో వేస్తారు? ఫ్లోరిడాలో నేపుల్స్ ప్రాంతపు దంపతులు నగదు పోసి ఇల్లు కొనుక్కున్నారు, ఒక్క డాలరు అప్పు లేదు. ఆ ఇంటి మీద బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫోర్‌క్లోజర్ వేసింది. వాళ్లు కోర్టులో గెలిచారు. వకీలు ఖర్చులు చెల్లించమని జడ్జి ఆదేశిస్తే బ్యాంకు నెలల తరబడి పలకలేదు. 2011 జూన్‌లో ఆ దంపతుల వకీలు షెరీఫ్ మనుషుల్ని వెంటబెట్టుకుని, బల్లలూ కుర్చీలూ జప్తు చేయడానికి బ్యాంకు శాఖకే వెళ్లాడు. గంటలో చెక్కు వచ్చింది. అదే ఏడాది జేపీ మోర్గాన్ చేజ్, యుద్ధ విధుల్లో ఉన్నవాళ్లకు చట్టం ఇచ్చిన రక్షణను కాలరాసి, దాదాపు 4,000 సైనిక కుటుంబాల దగ్గర ఎక్కువ వసూలు చేశామని, కొందరి ఇళ్లు పొరపాటున లాక్కున్నామని ఒప్పుకుంది. సరిహద్దులో సైనికుడు కూడా పప్పుకూడు తిన్నాడా?

4. జరిమానాలు కట్టారుగా

2012 ఫిబ్రవరి 9న ఐదు పెద్ద సంస్థలు, బ్యాంక్ ఆఫ్ అమెరికా, జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, సిటీ, ఆలీ, 49 రాష్ట్రాలతోనూ కేంద్రంతోనూ 2,500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. అంకె చూసి కళ్లు తిరుగుతాయి. అందులో నగదు దాదాపు 500 కోట్లు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు నేరుగా పంచడానికి పెట్టింది 150 కోట్లు. 9.62 లక్షల మందికి చేరిన చెక్కు విలువ తలా సుమారు 1,480 డాలర్లు. పెద్ద నగరంలో ఒక నెల అద్దె. మిగతాది 'ఉపశమనం' పద్దు. అందులో ఎలాగూ రాని రెండో తాకట్టు అప్పుల్ని రద్దు చేసినా, అప్పుకన్నా తక్కువకు ఇల్లు అమ్మించి కుటుంబాన్ని బయటికి పంపినా, మదుపరులకు చెందిన రుణాన్ని తగ్గించినా బ్యాంకు ఖాతాలో మార్కులు పడ్డాయి. ఒకడు చేసిన తప్పుకు ఇంకొకడి జేబులోంచి జరిమానా!

రాష్ట్రాల చేతికొచ్చిన నగదు గతి వేరు. జార్జియా తన వాటా 9.9 కోట్ల డాలర్లను కంపెనీలను రాష్ట్రానికి రప్పించే పథకాలకు మళ్లించింది. కాలిఫోర్నియా 33.1 కోట్లు చట్టవిరుద్ధంగా బడ్జెట్ లోటుకు వాడుకుందని 2018లో అప్పీలు కోర్టు తేల్చాల్సి వచ్చింది.

నియంత్రణ సంస్థలు విడిగా నడిపిన ఫైళ్ల సమీక్షదైతే ప్రహసనం. బ్యాంకులే ఎంచుకుని, బ్యాంకులే డబ్బిచ్చిన సలహాదార్లు అన్యాయం జరిగిందో లేదో చూశారు. వాళ్ల ఫీజులు దాదాపు 200 కోట్ల డాలర్లకు చేరాక 2013 జనవరిలో సమీక్షను మధ్యలో ఆపేశారు. 42 లక్షల మందికి ఎవరికెంత నష్టం జరిగిందో తేల్చకుండానే 300 నుంచి 1,25,000 డాలర్ల దాకా పంచారు. అత్యధికులకు దక్కింది కింది మెట్టు. ఏప్రిల్‌లో వెళ్లిన తొలి విడత చెక్కుల్లో కొన్ని, ఖాతాలో డబ్బు లేదని వెనక్కొచ్చాయి. వాయిదా చెక్కు తిరిగొచ్చిందని ఇల్లు లాగేసుకున్న వ్యవస్థ తాలూకు పరిహారం ఇది.

జరిమానా ఎవరి జేబు కోస్తుంది? వాటాదారులది. 2013 నవంబరులో జేపీ మోర్గాన్ 1,300 కోట్ల డాలర్ల రాజీ చేసుకుంది. నేరుగా జరిమానా అన్న పేరు ఉన్న భాగం అందులో 200 కోట్లు. మిగతాదానిలో చాలా భాగాన్ని పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకునే వీలుంది. ఆ ఏడాదికి సంస్థ అధిపతి జేమీ డైమన్ పారితోషికం 1.15 కోట్ల నుంచి 2 కోట్ల డాలర్లకు పెరిగింది. కంట్రీవైడ్ అధిపతి ఏంజెలో మొజిలో 2010 అక్టోబరులో 6.75 కోట్ల డాలర్లతో సివిల్ కేసు రాజీ చేసుకున్నాడు. అందులో 4.5 కోట్ల వంతు అతని జేబులోంచి రాలేదు, కంపెనీ తరఫున చెల్లింది. అతని మీద నేర విచారణ ఆ తర్వాతి ఏడాది కట్టిపెట్టారు. ముందే లెక్కేసుకోగలిగిన జరిమానా వ్యాపారికి మరో ముడిసరుకు ఖర్చు మాత్రమే.

5. నిరూపించడం కష్టమట

1980ల చివర సేవింగ్స్ అండ్ లోన్ సంస్థలు కూలినప్పుడు ఇదే అమెరికా ఎనిమిది వందల మందికి పైగా బ్యాంకు అధికారుల్ని జైలుకు పంపింది. చట్టాలూ కోర్టులూ అవే. తగ్గింది సంకల్పం. బ్యాంకులు మరీ పెద్దవైపోవడం వల్ల ప్రాసిక్యూట్ చేయడం కష్టమవుతోందని, ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటుందన్న భయం అడ్డొస్తోందని అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ 2013 మార్చిలో సెనేట్ కమిటీ ముందు చెప్పాడు. తర్వాత ఆ మాటను సరిదిద్దుకోవడానికి తంటాలు పడ్డాడు.

ఎవరిని శిక్షించారో చూస్తే గుట్టు తెలుస్తుంది. టేలర్ బీన్ అండ్ విటేకర్ అనే గృహరుణ కంపెనీ అధినేత లీ ఫార్కస్‌కు 2011లో 30 ఏళ్ల జైలు పడింది. 290 కోట్ల డాలర్ల మోసం. అతను మోసగించింది బ్యాంకులను, మదుపరులను, ప్రభుత్వాన్ని. బ్యాంకును ముంచినవాడి నేరం చక్కగా రుజువైంది. ఇంటివాణ్ణి ముంచినవాడి నేరమే రుజువుకు అందకుండా పోయింది. పది లక్షల దొంగ పత్రాల వ్యవహారంలో డాక్‌ఎక్స్ వ్యవస్థాపకురాలు లొరేన్ బ్రౌన్ ఒక్కరికే ఫెడరల్ కోర్టు అయిదేళ్ల శిక్ష వేసింది. ఆ పత్రాలు వాడుకుని ఇళ్లు తీసుకున్న బ్యాంకుల పెద్దలెవరూ ఆమె పక్కన బోనులో లేరు. సరుకు తయారుచేసినవాడు నేరస్థుడు, సరుకు పురమాయించి కొన్నవాడు అమాయకుడు!

మన్‌హాటన్ ప్రాసిక్యూటర్లు 2012లో ఒక బ్యాంకు మీద గృహరుణాల మోసం కింద నేరారోపణ చేశారు. అది వాల్ స్ట్రీట్ దిగ్గజమేమీ కాదు, చైనాటౌన్‌లో వలస కుటుంబాలకు అప్పులిచ్చే అబాకస్ అనే చిన్న బ్యాంకు. దాని అప్పుల్లో ఎగవేతకు గురైనవి చాలా తక్కువ. తప్పు చేసిన ఉద్యోగిని తనంతట తానే తీసేసి అధికారులకు చెప్పింది కూడా. దాని సిబ్బందిని ఒకే గొలుసుకు కట్టి కోర్టు నడవలో కెమెరాల ముందు నడిపించారు. 2015లో జ్యూరీ ఆ బ్యాంకును నిర్దోషిగా వదిలింది. చిన్నదైతే గొలుసు, పెద్దదైతే ఒప్పందం.

కంట్రీవైడ్ మీద మోసం రుజువైందని 2013లో జ్యూరీ చెప్పిన మాటను, ఆ పైన వేసిన 127 కోట్ల డాలర్ల జరిమానాను 2016లో అప్పీలు కోర్టు కొట్టేసింది. కావాలని ఒప్పందాన్ని ఉల్లంఘించినా, ఒప్పందం చేసుకున్న నాడే మోసం చేయాలన్న ఉద్దేశం ఉన్నట్టు చూపకపోతే అది ఈ చట్టం కింద మోసం కాదంది. నిరూపించడం కష్టమనేవాళ్లు ఈ తీర్పునే చూపిస్తారు. అది ఒప్పందాల గురించిన తీర్పు. దొంగ సంతకానికి, అబద్ధపు ప్రమాణానికి అంత సూక్ష్మ తర్కం అక్కర్లేదు. ఫైలు చూశానని ప్రమాణం చేసి చూడనివాడి నేరానికి అతని సంతకమే సాక్ష్యం.

6. బిగిస్తే అప్పు పుట్టదా?

2002లో జార్జియా దోపిడీ అప్పుల మీద గట్టి చట్టం తెచ్చింది. ఇలాంటి రాష్ట్రపు అప్పులకు మేం రేటింగ్ ఇవ్వమని స్టాండర్డ్ అండ్ పూర్స్ అనే రేటింగ్ సంస్థ అడ్డం తిరిగింది. 2003లో రాష్ట్రం ఆ చట్టాన్ని నీరుగార్చింది. అప్పులు ధారాళంగా పుట్టాయి, తర్వాత అట్లాంటా చుట్టుపక్కల ఇళ్లు ధారాళంగా పోయాయి. నెవాడా 2011 అక్టోబరు నుంచి మరో దారి పట్టింది. ఫోర్‌క్లోజర్‌కు తప్పుడు పత్రం దాఖలు చేస్తే సంతకం పెట్టిన మనిషి మీదే నేరకేసు అని చట్టం చేసింది. వెంటనే కొత్త నోటీసులు అమాంతం పడిపోయాయి. బకాయిదార్లు ఒక్కరోజులో ధర్మరాజులు అయిపోలేదు. ఆ కాగితం కింద సొంత పేరు పెట్టే ధైర్యం కంపెనీ మనుషులకు లేకపోయింది.

7. పాత కథ కాదు

2010 తర్వాత నియమాలు మారాయి, ఇక దీన్ని తవ్వడమెందుకని కొందరు విసుక్కుంటారు. నియమాలు మారిన మాట నిజం. 2014 జనవరి నుంచి, 120 రోజుల బకాయి దాటితే తప్ప ఫోర్‌క్లోజర్ మొదలెట్టకూడదు. అయినా 2018లో వెల్స్ ఫార్గో ఒక సంగతి బయటపెట్టింది. తన కంప్యూటర్ లెక్క తప్పి 870 మందికి రుణ సవరణ నిరాకరించిందట, వాళ్లలో 545 మంది ఇళ్లు పోయాయట. పరిహారం కోసం మొదట కేటాయించిన సొమ్ము 80 లక్షల డాలర్లు. ఇళ్ల అప్పుల్లో, కారు అప్పుల్లో, ఖాతాల్లో చేసిన అక్రమాలకు ఆ బ్యాంకు 370 కోట్ల డాలర్లు కట్టాలని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2022 డిసెంబరులో ఆదేశించింది. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ ఉద్యోగులకే పని ఆపమని పైనుంచి ఆదేశం వచ్చింది.

మన దేశంలో 2002 నాటి సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఇలాంటి అధికారమే ఇచ్చింది. 60 రోజుల నోటీసు ఇచ్చి, ముందుగా కోర్టుకు వెళ్లకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. ఢిల్లీ చుట్టుపక్కల బిల్డర్ల ఖాతాల్లోకి బ్యాంకులు నేరుగా రుణం పోసి, బిల్డర్లు చేతులెత్తేశాక ఫ్లాటు మొహం చూడని కొనుగోలుదార్ల వెంటపడిన వ్యవహారంలో, బ్యాంకులకూ బిల్డర్లకూ ఉన్న లాలూచీ తేల్చమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. అక్కడా మొదట వినిపించిన మాట ఒకటే: ఈఎంఐ కట్టనిది నువ్వు కదా.

బాకీ ఉన్నవాడు కట్టాలి, సందేహం లేదు. కట్టకపోతే ఇల్లు పోతుందన్నదీ ఒప్పుకున్న షరతే. ఆ షరతును అమలు చేయడానికి దొంగ పత్రం పుట్టించినవాడు, పుట్టించమన్నవాడు, తెలిసీ వాడుకున్నవాడు పేరుపేరునా బోనెక్కాలి. కంపెనీ ఖజానాలోంచి పోయే డబ్బును శిక్షగా లెక్కించడం మానాలి.

అమెరికాలో ఇంటి అప్పు ఉన్నవాళ్లు సర్వీసర్‌తో ఫోన్లో తేల్చుకోవద్దు. లెక్కలో తప్పుందని రాతపూర్వకంగా పంపితే అయిదు పనిదినాల్లో అందిందని చెప్పాలి, సాధారణంగా ముప్ఫై పనిదినాల్లో జవాబివ్వాలి, ఇది చట్టం. ఇక్కడ సర్ఫేసీ నోటీసు అందినవాళ్లు అభ్యంతరం రాసి ఇవ్వండి. 15 రోజుల్లో బ్యాంకు కారణాలతో జవాబు రాయాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లోపు రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు మీకుంది. అసలు పత్రాలు చూపించమని అడగండి, కింద సంతకం పెట్టిన మనిషి ఎవరో అడగండి.